రెప్లికా స్పోర్ట్స్ కారు: కొనేముందు చూడవలసినవి

ఏసీ కోబ్రా, పోర్షే 356 వంటి పాతకాలపు స్పోర్ట్స్ కార్ల రూపాన్ని ఫైబర్‌గ్లాస్‌తో తయారుచేసి, వేరొక బండి ఛాసిస్‌పై, అంటే ఇంజిన్‌నూ చక్రాలనూ కలిపి ఉంచే ఇనుప చట్రంపై, బిగిస్తే దానిని ‘రెప్లికా’ అంటారు. సికింద్రాబాద్‌లో ఇటువంటి కారు కొనదలచినవారు దాని సోయగానికి ముగ్ధులయ్యే ముందు ఆర్సీని, అంటే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌ను, చేతిలోకి తీసుకోవాలి. ఎందుకంటే 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2021లో వచ్చిన ‘వీఏ’ వింటేజ్ నంబరు సిరీస్ సైతం 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెనుమార్పులు జరగని వాహనాలకే వర్తిస్తుంది కనుక, రెప్లికాకు ఆ దారీ లేదు.

కాగితాల తరువాత బండిని లిఫ్ట్‌పైకి ఎక్కించి, ఛాసిస్‌పై కొట్టిన నంబరు ఆర్సీతో అక్షరం పొల్లుపోకుండా సరిపోతున్నదా, దాని చుట్టూ అరగదీసిన గుర్తులో కొత్త వెల్డింగో ఉన్నాయా, తలుపు కీళ్ల వద్ద ఫైబర్‌గ్లాస్‌పై వెంట్రుకవాసి పగుళ్లు కనిపిస్తున్నాయా, కొత్త ఇంజిన్ శక్తికి పాత బ్రేకులు చాలుతాయా అని పరిశీలించాలి. కాగితాలు సక్రమంగా ఉంటే, రెప్లికాను రెప్లికాగానే చెప్పి అమ్మడంలో దోషం లేదు. రోడ్డుపై దానిలో కూర్చునేది మనుషులు గనుక, అందం కన్నా ముందు భద్రతనూ నిజాయితీనీ కోరుకోవడమే అసలైన కారు ప్రేమ.