ట్యాంకుకు మాటు

మా ఇంట్లో తులసికోటకూ కారు షెడ్డుకూ నడుమ దూరం నాలుగు గజాలు. ఎనభై దాటిన మా అమ్మ ప్రతి సాయంత్రం ఆ కోట దగ్గర దీపం పెడుతుంది. షెడ్డులో 1969 నాటి అంబాసిడర్ మార్క్ 2 ఉంది. నేను పుట్టింది కూడా ఆ ఏడే. బళ్లారి మార్కెట్ యార్డులో చెనిక్కాయల దలాలీ చేసిన మా నాయన 1981లో దాన్ని ఇంకొకరి దగ్గర కొన్నాడు. 2009లో ఆయన పోయినాక అది నా పాలిట పడింది. అమ్మేయమని చెప్పినవాళ్లలో నా భార్య మొదటిది.

మొన్న వేసవిలో షెడ్డులో పెట్రోలు వాసన మొదలైంది. పాత బండికి ఆ మాత్రం వాసన ఉండదా అనుకున్నాను. తర్వాత డిక్కీ కింద బండమీద మచ్చ కనిపించింది. ఒక రాత్రి అమ్మ లోటా ఒకటి తీసి దాని కింద పెట్టాను. తెల్లారి మందు తాగే చిన్న కప్పుతో కొలిస్తే అరవై మిల్లీలీటర్లు! ఆవిరైపోయినది ఈ లెక్కలో చేరదు. నెలకు సుమారు 1.8 లీటర్లు, అంటే నూట తొంభై రూపాయల దాకా. ముప్పైమూడేళ్ల బ్యాంకు ఉద్యోగం చేసిన బుద్ధి కదా, నూట తొంభై రూపాయల నష్టానికి ట్యాంకు దించడం దండగ అని తేల్చేసింది. పాతకాలం డ్రైవర్ల వైద్యం చేశాను. బట్టల సబ్బు ముక్కను కారేచోట గట్టిగా రుద్ది అదిమాను. సబ్బు పెట్రోలులో కరగదు. తొమ్మిది దినాలు నిలిచింది.

పదో దినం మళ్లీ కారింది. ఆ సాయంత్రం అమ్మ అగ్గిపుల్ల గీస్తుంటే నాకు ఒక పాత తనిఖీ గుర్తుకొచ్చింది. పెట్రోలు బంకుకు అప్పు ఇచ్చే ముందు చూడబోతే, దాని యజమాని నాకు చెప్పిన మొదటి సంగతి: పెట్రోలు ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు, పైకి పోదు, నేలబారున పాకుతుంది. ఆ రోజు ఫైలులో రాసుకొని మరచిపోయాను. నాలుగు గజాలు పాకడానికి దానికి ఎంతసేపు?

దీపం లోపల దేవుని గూట్లో పెట్టుకోమ్మా అన్నాను. "నీ బండిని బయట పెట్టుకో. నా తులసమ్మ యాడికి పోతాది?" అంది. జవాబు లేదు. బండిని వీధిలోకి తోయించాను.

ఇక్కడ నా తొందర సంగతి కూడా చెప్పాలి. యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండ్లను వింటేజ్ బండ్లుగా నమోదు చేసుకోవచ్చని 2021లో కేంద్ర ప్రభుత్వం నియమాలు తెచ్చింది. కొత్తగా నమోదయ్యే బండ్ల నంబరులో 'వీఏ' అనే అక్షరాలు వస్తాయి. రీ-రిజిస్ట్రేషన్‌కు రుసుము ఐదు వేలు. నేను దరఖాస్తు పెట్టి ఉన్నాను. బండిని చూసే రోజు సోమవారమని చెప్పారు. ట్యాంకు దించింది శుక్రవారం.

మెకానిక్ ట్యాంకు వంచి చూపాడు. కింది రేకూ పై రేకూ కలిసే అతుకు వెంబడి తుప్పు. పాతకాలపు ట్యాంకుల రేకుకు సీసం, తగరం కలిసిన పూత ఉండేది. ఆ పూత పోయినచోట నీరు నిలిచి తింటుంది. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో నూటికి ఇరవై పాళ్ల దాకా ఇథనాల్ ఉంటోంది. అది నీటిని పీల్చుకుంటుంది, లోపల అంటుకున్న పాత మడ్డిని కూడా కదిలిస్తుంది. ఇన్నేళ్లూ ఆ మడ్డే బొక్కను మూసిందేమో. పక్క అంగడి కుర్రవాడు "పది నిమిషాలు సార్, గ్యాస్ వెల్డింగ్ కొట్టేస్తా. ఖాళీ ట్యాంకే గదా" అన్నాడు. నేను సరేనన్నాను. మెకానిక్ ఒప్పుకోలేదు. రేకు పలచన, కౌల్‌బజారులో ఒక సాయిబు ఉన్నాడు, ఆయన దగ్గరికే పోదాం అన్నాడు. విసుక్కుంటూనే పోయాను.

ఆ పెద్దాయనకు డెబ్బై ఉంటాయి. బిందెలకూ డేగిసాలకూ మాట్లు వేసిన చేయి. ఇప్పుడు ఆ పని ఎవరూ తేవడం లేదట, రేడియేటర్లే. ట్యాంకును తిప్పి, దాని ఉబ్బిన పొట్టమీద బొటనవేలు పెట్టాడు. ఆ ఉబ్బు కంపెనీ చేసిన తీరే అలా అనుకుంటూ వచ్చాను నేను. పక్కనున్న పాత మాటును తడిమి, "ఇది నా చేతి పనే. చెనిక్కాయల మండీ ఆయన బండి గదా?" అన్నాడు.

ఆయన కొడుకునన్నాను. సోమవారానికి కావాలన్నాను.

"మీ నాయనా ఇట్లనే తొందరపెట్టె" అన్నాడు.

1988. మా అక్కను చూడడానికి మద్రాసు నుంచి పెండ్లివారు గుంతకల్లులో రైలు దిగాలి. నాయన వాళ్లను బండిలోనే తేవాలని పట్టు. పెట్రోలంతా తీసేశారు, ఒక్క కడుగు కడిగారు. ఇంకోసారి కడగాలని ఈయనంటే, ఖాళీదే కదా కానీయమన్నాడట నాయన. బ్లోల్యాంపు వెలిగించాడు. "పొట్ట ఉబ్బింది ఆ పొద్దే. కుడిచెవి ఆ పొద్దు పోయిందే, మళ్లా రాలే." పదిహేను దినాలకు ఆస్పత్రి నుంచి వచ్చి, ఆ ట్యాంకుకు తనే మాటేశాడు.

కామర్స్ చదివిన నాకు, నిల్ బ్యాలెన్స్ చూపిన ఖాతా ఇక ఏ బాధా పెట్టని ఖాతా. ట్యాంకు విషయంలో అది తలకిందులు. గాలిలో పెట్రోలు ఆవిరి సుమారు ఒకటిన్నర పాళ్ల నుంచి ఏడున్నర పాళ్ల దాకా ఉన్నప్పుడే అంటుకుంటుంది. నిండు ట్యాంకులో గాలికి చోటుండదు. ఖాళీ చేసినదాంట్లోనే, అడుగున మిగిలిన తడి చాలు, ఆ పాళ్లు కుదురుతాయి.

ఆయన చేసింది రెండున్నర దినాల పని. గేజి ముక్క విప్పించాడు. చాకలిసోడా కలిపిన మరిగే నీళ్లు పోసి ఊపాడు, పారబోశాడు, మళ్లీ పోశాడు. ఎన్నిసార్లని నేను లెక్కపెట్టాను: తొమ్మిది. ఒక రాత్రంతా నీళ్లతో నిండుగా ఉంచాడు. మరునాడు అతుకు పైకి వచ్చేలా నిలిపి, అతుకుకు అంగుళం కిందిదాకా నీళ్లు ఉండనిచ్చాడు. ఆవిరికి చోటు దొరకకూడదని. అతుకును తెల్లగా మెరిసేదాకా గీకి, నవాసారం రాశాడు. రాగి మొన కడ్డీని వెనక వాకిట్లో బొగ్గుల మీద కాల్చి, ఒక్కో మాటు నడిచి తెచ్చుకున్నాడు. మంట మాత్రం ట్యాంకు దగ్గరికి రానివ్వలేదు. మధ్యలో నేను ఏదో అడిగితే ఎడమవైపుకు రమ్మని చేయి ఊపాడు.

సోమవారం దాటిపోయింది. మళ్లీ తారీఖు ఇవ్వమని అర్జీ పెట్టాను.

కూలి ఎనిమిది వందలు అడిగాడు. రెండు వేలు ఇవ్వబోతే, లెక్కపెట్టుకొని మిగిలినవి నా చేతిలో పెట్టాడు.

ఆ రాత్రి అటక మీదినుంచి నాయన లెక్కల పుస్తకాలు దించాను. 1988 పుస్తకంలో ఉంది: "ట్యాంకు మాటు 45. సాయిబు ఆస్పత్రి 310." తర్వాత నెలనెలా "సాయిబు 50". పదకొండు నెలలు. పన్నెండో నెలలో అక్క పెండ్లి ఖర్చులు మొదలవుతాయి: బంగారం, వంటవాళ్లు, షామియానా. సాయిబు పద్దు అక్కడితో ఆగింది. ఆయనే చాలన్నాడా, నాయనే ఆపాడా, పుస్తకం చెప్పదు. మా ఇంట్లో ఈ మాట ఎవరూ ఎత్తిన గుర్తు లేదు. అమ్మను అడిగితే, "ఏదో ట్యాంకు పగిలిందన్నారు, అంతే" అంది. అక్కకు ఇంకా చెప్పలేదు. దీన్ని అడగడానికని రెండుసార్లు కౌల్‌బజారు దాకా పోయాను. ఒకసారి రేడియేటరు గొట్టం కొన్నాను, ఇంకోసారి టీ తాగి వచ్చాను.

ట్యాంకు ఎక్కించాక మూడు రాత్రులు మళ్లీ లోటా పెట్టి చూశాను. మొదటి రెండు రోజులూ పొడిగా ఉంది. మూడో తెల్లవారి అందులో ఒక చీమ కనిపించింది. "నా లోటా యాడరా?" అంది అమ్మ. ఎన్నిసార్లు తోమినా పెట్రోలు వాసన పోలేదు. షెడ్డులోనే ఉంచుకొమ్మంది.