నానమ్మ చుక్క

సైన్స్ ఫెయిర్ రోజులు వచ్చాయంటే మన ఇళ్ళల్లో అసలు పోటీ నాన్నల మధ్యే! నేనూ అందుకు మినహాయింపు కాదు.

కాలిఫోర్నియా రాష్ట్ర సైన్స్ ఫెయిర్ 1952లో మొదలైంది. కౌంటీ పోటీల్లో ఎంపికైన పిల్లలు అందులో పాల్గొంటారు. 2013 ఏప్రిల్‌లో అది లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా సైన్స్ సెంటర్‌లో జరిగినప్పుడు, ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయి కూడా వెళ్ళింది.

తన ప్రాజెక్టు ‘కుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయి?’ ఆ డిసెంబరులో మా అమ్మ మా దగ్గరే ఉంది. నర్సరీలో కొన్న మట్టి పూలకుండీకి అడుగు చిల్లు మూసి, అందులో నీళ్ళు పోశాం. పక్కన స్టీలు గిన్నెలో అన్నే నీళ్ళు. మట్టి సన్నని రంధ్రాల్లోంచి నీరు చెమరుస్తుంది, ఆవిరవుతుంది. గ్రాము నీరు ఆవిరి కావాలంటే దాదాపు 580 కేలరీల వేడి కావాలి. ఆ వేడిలో చాలాభాగం కుండలో మిగిలిన నీటి నుంచే పోతుంది.

పది రోజులు కొలిచింది. తొమ్మిది రోజులు లెక్క చక్కగా కుదిరింది. ఒక్క రోజు మాత్రం కుండ నీళ్ళూ, గిన్నె నీళ్ళూ దాదాపు ఒకేలా ఉన్నాయి.

“థర్మామీటర్ సరిగ్గా చూసి ఉండవు. ఆ చుక్క తీసేయ్, గ్రాఫ్ అందంగా వస్తుంది” అన్నాను.

“రెండుసార్లు చూశాను నాన్నా” అని, మొహం ముడుచుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. తన ఆదివారం తెలుగులో నానమ్మకు మొరపెట్టుకుంది.

“ఆ రోజు ముసురు పట్టింది కదే తల్లీ! ముసురు రోజు కుండ ఎక్కడ చల్లబడుతుంది?” అంది అమ్మ.

“ముసురు అంటే?”

“రోజంతా వదలకుండా సన్నగా పడే వాన. గాలే తడిసిపోయి ఉంటే, కుండ తడి ఎటు పోతుంది?”

అమ్మాయి వాతావరణ వివరాలు వెతికింది. ఆ రోజు గాలిలో తేమ 90 శాతం దాటింది! తేమకు ఒక కొత్త గడి గీసి, మరో పది రోజులు కొలిచింది. నేను తీసేయమన్న చుక్కే ప్రాజెక్టు అయింది.

జడ్జీలు వచ్చే వేళ తల్లిదండ్రులు బయటే ఉండాలి. అమ్మా, నేనూ అంతకుముందు ఏడాదే అక్కడికి చేరిన ఎండీవర్ అంతరిక్ష నౌకను చూస్తూ కూర్చున్నాం. సాయంత్రం అమ్మాయి ఎగురుకుంటూ వచ్చింది. “జడ్జి ఆ ఒక్క చుక్క గురించే అడిగారు! అది మా నానమ్మ చుక్క అని చెప్పాను.”

ప్రైజు రాలేదు. తిరుగు ప్రయాణంలో, ఎన్నాళ్ళుగానో దాచుకున్న మాట బయటపెట్టాను. తొమ్మిదో తరగతిలో జిల్లా వైజ్ఞానిక ప్రదర్శనకు నేను జలవిద్యుత్ నమూనా పట్టుకెళ్ళాను. నీళ్ళతో వెలగాల్సిన బల్బు, అట్ట కింద దాచిన బ్యాటరీలతో వెలిగింది. ఎవరూ అడగలేదు. బహుమతిగా స్టీలు గ్లాసు ఇచ్చారు. అమ్మ దాన్ని ఇప్పటికీ బీరువాలో దాచింది.

కారులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

“నాకు తెలుసులేరా” అంది అమ్మ వెనక సీట్లోంచి. “ఆ బ్యాటరీలు నా టార్చిలైటువి కావూ?”