కూవం ఒడ్డున పునర్జన్మ

చెన్నపట్నంలో ఎగ్మూరు స్టేషను దిగి, 1908లో ప్రారంభమైన ఆ ఎర్రని భవనాన్ని వెనుక విడిచి, కూవం నది వైపు కొంతదూరం నడిస్తే, బాటసారిని ముందుగా పలకరించేది సుత్తిదెబ్బల చప్పుడు. ఆ వెనుకనే మాడిన ఆయిలు వాసన, దానితో కలగలిసిన నది వాసన. పుదుప్పేట వచ్చిందని కొత్తవారికి సైతం వేరే చెప్పనక్కరలేదు.

వీధికి ఇరుపక్కలా అరుగుల మీద, గుమ్మాల ముందు, మేడమెట్ల కింద ఎక్కడ చూచినా వాహనాల అవయవాలే. ఒకచోట పెట్రోలు టాంకులు బోర్లించిన కుండల్లా పేర్చి ఉంటాయి. మరొకచోట సైలెన్సర్లు చెరకు మోపుల్లా నిలబెట్టి ఉంటాయి. నెల్లూరు, తిరుపతి వైపు మెకానిక్కులు కూడా తమ ఊళ్లలో దొరకని సామాను కోసం ఇంత దూరం వస్తుంటారు. చూడవచ్చినవానికి ఇది వాహనాల శ్మశానం. పని తెలిసినవానికి ఆసుపత్రి. ఏ బండిని ఇక్కడ విప్పి అమ్ముకోవాలి, ఏ బండిని లేపి మళ్లీ రోడ్డెక్కించాలి అన్నది ఈ పేటవారు నిత్యం తేల్చవలసిన ప్రశ్న.

2015 డిసెంబరు వరదల తరువాత ఆ ప్రశ్న నగరంలో ఇంటింటిదీ అయింది. ఆ నెల 1, 2 తేదీలలో కురిసిన వానకు, చెంబరంబాక్కం జలాశయం నుంచి వదిలిన నీటికి అడయారు నది పొంగి, సైదాపేట, జాఫర్‌ఖాన్‌పేట, కోటూర్‌పురం వంటి ప్రాంతాలను ముంచెత్తింది. వాకిట నిలిపిన బండ్లు వేలసంఖ్యలో నీటిపాలైనవి.

వాటిలో సైదాపేటలో కాపురమున్న ఒక గుమస్తా గారి బుల్లెట్ ఒకటి. గూడూరు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం వారిది. 2008లో తండ్రి పదవీ విరమణ సొమ్ముతో ముచ్చటపడి కొన్నారు. బుల్లెట్టుకూ ఈ నగరానికీ ఉన్న సంబంధం పాతది: ఎన్‌ఫీల్డు వారి సంస్థ ఇక్కడ 1955లో ఏర్పడింది; నగరపు ఉత్తరపు కొసన తిరువొత్తియూరు కర్మాగారం నుంచి దశాబ్దాల తరబడి ఆ బండ్లు దేశమంతటికీ వెళ్లినవి. నీరు తీసేసరికి తండ్రి బండి బురదలో పడి ఉన్నది. దానిమీద కూలిన ప్రహరీగోడ. ఆ తండ్రి పోయి అప్పటికి రెండేళ్లు.

బీమా సర్వేయరు వచ్చి చూచి, వివరాలు వ్రాసుకొని వెళ్లాడు. కొన్నాళ్లకు తీర్పు వచ్చింది: టోటల్ లాస్. అనగా బండి పోయినట్లే లెక్క.

ఆ ‘లెక్క’ అన్న మాటలోనే కీలకమంతా ఉన్నది. పాలసీలో బండికి కట్టిన విలువను ఐడీవీ అంటారు. మరమ్మతు ఖర్చు ఆ విలువలో 75 శాతం దాటితే బండిని టోటల్ లాస్‌గా పరిగణించడం మన దేశపు మోటారు పాలసీల షరతు. బండి పాతబడేకొద్దీ విలువ తరుగుతుంది. నాలుగేళ్లు దాటితే సగానికి సగం తరుగు; ఐదేళ్లు దాటిన బండికి ఇరుపక్షాలూ మాట్లాడి విలువ కుదుర్చుకోవలసిందే. ఒక బండి విలువ రూ. 40,000 అనుకుందాం. కంపెనీ వర్క్‌షాపు కొత్త సామానుతో రూ. 31,000 అంచనా ఇస్తే ఆ బండి కథ కాగితం మీద ముగిసింది. అదే బండి విలువ రూ. 60,000 అయి ఉంటే, అదే దెబ్బకు అది బతికిపోయేది. కనుక టోటల్ లాస్ అన్నది గణకుని తీర్పు. వైద్యుని తీర్పు వేరే రావలసి ఉన్నది.

యజమాని శకలాన్ని తానే ఉంచుకోదలిస్తే, దాని ధర మినహాయించి మిగిలిన సొమ్ము ఇస్తారు. గుమస్తా గారు అందుకే ఒప్పుకున్నారు. 2016 జనవరిలో ఒక ఉదయం ఆ బుల్లెట్ ట్రాలీ ఆటోలో పుదుప్పేట చేరింది. అరవై దాటిన మేస్త్రీ ఒకరు దాని చుట్టూ ఒకసారి తిరిగి, అరవయాస కలిసిన తెలుగులో అడిగిన మొదటి ప్రశ్న ఇది:

“స్టార్టు చేసి చూశారా సార్?”

“లేదు మేస్త్రీ. కిక్కు మీద కాలే వెయ్యలేదు.”

“మంచి పని చేశారు. సగం ఇంజను మిగిలింది.”

గాలిని నొక్కితే అణుగుతుంది, నీరు అణగదు. సిలిండరులో నీరు నిలిచి ఉండగా ఇంజను తిప్పితే, పైకి వచ్చే పిస్టన్‌కు దారి లేక కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. మేస్త్రీ ముందుగా ప్లగ్గు విప్పి నీటిని బయటకు పోనిచ్చారు. కింది బిరడా తీయగా ఆయిలు మజ్జిగ రంగులో జారింది. ఇంజను విప్పి, కడిగి, బిగించి, కొత్త ఆయిలు పోసి, కొద్దిసేపు నడిపి, తిరిగి ఒంపడం. ఆయిలు తేటగా వచ్చేదాకా ఇదే పని. కార్బురేటరు నిండా ఒండ్రు. వైర్ల కొసలకు పచ్చని చిలుము. చక్రాల బేరింగులు, బ్రేకు షూలు, క్లచ్చి ప్లేట్లు మార్చవలసినవే. గోడ దెబ్బకు ముందు ఫోర్కు వంగింది. బుల్లెట్ నమూనా దశాబ్దాలపాటు పెద్దగా మారలేదు గనుక, వీటిలో చాలావాటికి జోడు ఆ వీధిలోనే దొరికింది. వర్క్‌షాపు లెక్కలో చచ్చిన బండి పుదుప్పేట లెక్కలో బతకడానికి కారణం ఇదే.

అయితే గుమస్తా గారి భయం వేరు. గోడ పడినప్పుడు చట్రం కూడా చెడి ఉంటే? పక్క అంగడి కుర్రవాడు సులువైన ఉపాయం చెప్పాడు. “ఎందుకన్నా ఇంత యాతన? వేరే చట్రం ఉంది. మీ నంబరు దానిమీద కొట్టిస్తే సరి.” మేస్త్రీ వాణ్ణి కసిరి పంపేశారు.

ఇరుసు రథమా, చక్రం రథమా, కాడి రథమా అని మిళిందరాజును నాగసేనుడు ప్రశ్నించిన సంగతి బౌద్ధ గ్రంథమైన మిళిందపన్హలో ఉన్నది. సకల భాగాలూ మారిన బండి పాత బండేనా అన్న ఆ చిక్కును నేటి రవాణా శాఖ తన అవసరానికి తేల్చుకున్నది: చట్రం మీద పొదిగిన సంఖ్యయే బండి గుర్తింపు. దానిని చెరిపి మరొకటి కొడితే ఆ క్షణంలోనే మరమ్మతు నేరంగా మారుతుంది. దొంగిలించిన బండ్లు మంచి బండ్లుగా చెలామణి అయ్యేది కూడా ఈ దారినే.

మేస్త్రీ పరీక్ష మొదలుపెట్టారు. కొత్త ఫోర్కు వేసి, వెనుక చక్రం నుంచి ముందు చక్రం దాకా ఇరుపక్కలా దారం లాగి, చక్రాలు ఒకే వరుసలో ఉన్నవో లేవో చూశారు. హ్యాండిలు మెడ దగ్గర రంగు గీకి, కిరసనాయిలు పూసి, ఆరనిచ్చి తుడిచి, సుద్దపొడి చల్లారు. పగులుంటే అందులో దాగిన కిరసనాయిలు పొడిమీద సన్నని గీతగా తేలుతుంది.

“గీత వస్తే?”

“వస్తే ఈ బండిని ఇక్కడే వదిలేసి వెళ్లండి సార్. ఇంజను చెడితే బండి ఆగుతుంది. చట్రం చెడితే మనిషి ఆగిపోతాడు.”

పావుగంట గడిచింది. సుద్ద తెల్లగానే ఉండిపోయింది.

ఈ పరీక్షను మేస్త్రీ చేయమని ఏ అధికారీ ఆదేశించలేదు. సొంత వాడకపు ద్విచక్ర వాహనం రిజిస్ట్రేషను మన చట్టం ప్రకారం 15 ఏళ్లు చెల్లుతుంది. ఆలోపు దానిని ఏటేటా తనిఖీ చేసే ఏర్పాటు లేదు. బ్రిటనులో 2017 అక్టోబరు నుంచి, బాగుచేయదగిన ఇటువంటి బండ్లను చట్రం చెడినవి, చట్రం చెడనివి అని రెండు తరగతులుగా నమోదు చేస్తున్నారు. ఇక్కడ శాశ్వతంగా పనికిరాని బండి సంగతి 14 రోజులలో రవాణా కార్యాలయానికి తెలపాలని 1988 మోటారు వాహనాల చట్టం 55వ సెక్షను చెబుతుంది. రిజిస్ట్రేషను రద్దయిన బండికి రోడ్డెక్కే హక్కు లేదు. రద్దు కానిదానికి కొత్త బీమా, కాలుష్య ధ్రువపత్రం ఉండాలి. కాగితాలు ఇంతవరకే అడుగుతాయి. బ్రేకు పట్టునో లేదో, మెడ నిలుచునో లేదో చూడవలసిన బాధ్యత బాగుచేసినవాని మీద, కొన్నవాని మీద మిగిలిపోయింది.

ఫిబ్రవరిలో బుల్లెట్ మళ్లీ పలికింది. గుమస్తా గారు కాగితాలన్నీ చేతపట్టుకొని వచ్చారు. కొడుకును వెనుక ఎక్కించుకొని ఇంటికి పోవాలని ఆయన కోరిక. మేస్త్రీ అడ్డుతగిలారు.

“ఐదు వందల కిలోమీటర్లు మీరొక్కరే నడపండి. తరువాత తీసుకురండి, బోల్టులన్నీ బిగించి, మళ్లీ దారం లాగి చూస్తాను. అప్పుడు పిల్లవాణ్ణి ఎక్కించుకోవచ్చు.”

తండ్రి బండి ముందు నడిచింది. కొడుకు వెనుక బస్సులో ఇల్లు చేరాడు.