పెద్ద ఏరు వెంట ఒక పగలు

రాజమండ్రిలో పుట్టినవాళ్లకి గోదావరి అంటే రేవు ముందు కనిపించేదే. త్ర్యంబకంలో పుట్టి సముద్రం దాకా 1,465 కిలోమీటర్లు నడిచే ఆ నదిని మొదలంటా చూసినవాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు. ఒక నది పుట్టుకా ప్రయాణమూ సముద్రంలో కలవడమూ ఒకే పగటిలో చూసే భాగ్యం మాకు గ్రీసు దేశపు క్రీట్ దీవిలో దక్కింది.

రెథిమ్నో పట్నం నుంచి దక్షిణంగా వెళ్తే కుర్తాలియోతికో లోయ వస్తుంది. రెండు పక్కలా నిట్టనిలువు సున్నపురాయి గోడలు, వాటి మీద తిరుగుతున్న రాబందులు. గాలి ఆ గోడల మధ్య చప్పట్లు కొట్టినట్టు మోగుతుందనీ, లోయ పేరు ఆ చప్పుడు నుంచే వచ్చిందనీ అక్కడివాళ్లు చెబుతారు. రోడ్డు పక్కనుంచి మెట్లు దిగితే సెయింట్ నికోలస్ చిన్న గుడి, దాని దగ్గరే ఊటలు. కొండల మీద కురిసిన వానా మంచూ సున్నపురాయిలో ఇంకి ఇక్కడ బయటపడతాయి. అందుకే ఎండాకాలంలోనూ ఏరు ఆగదు. సాధువు రాతిమీద చెయ్యి ఆనిస్తే అయిదు వేళ్ల చోట అయిదు ఊటలు పుట్టాయని కథ. మా అమ్మాయి తన అరచెయ్యి కూడా తడి రాతికి ఆనించి చూసుకుంది. నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయంటే అమ్మ మొహం కడుక్కుని, "ప్రాణం లేచొచ్చిందిరా" అంది.

లోయ దాటాక ఏటికి మెగాలోపోతమోస్ అని పేరు. అంటే పెద్ద ఏరు. ఊటల నుంచి సముద్రం దాకా పది కిలోమీటర్లు కూడా ఉండదు. అయినా వేసవికి వాగులన్నీ ఎండిపోయే దీవిలో ఏడాదంతా పారేదానికి ఆ పేరు తగినదే. ఒడ్డంతా గన్నేరు పొదలు, పైన ఆలివ్ తోటలు. పాత రాతి కమాను వంతెన దగ్గర చెట్ల నీడన ఆగాం. ఎండబెట్టిన బార్లీ రొట్టె మీద టమాటా తురుము, మెత్తటి మిజిత్రా జున్ను, ఆలివ్ నూనె వేసిన దాకోస్ తిన్నాం. ఉడకబెట్టి నిమ్మరసం పిండిన అడవి ఆకుకూర అమ్మకి తెగ నచ్చింది. తిన్నాక అక్కడే కునుకు తీశాం. తొందర పెట్టేవాళ్లు ఎవరూ లేరు.

ఇంకొంచెం ముందు ప్రెవెలి మఠం ఉంది. 1941లో క్రీట్ జర్మన్ల చేతికి చిక్కాక, ఇక్కడి సన్యాసులు మిత్రపక్షాల సైనికులను దాచారు. ఈ తీరం నుంచే జలాంతర్గాములు వాళ్లని ఈజిప్టుకి చేర్చాయి.

చివరి మలుపులో, మెట్లు దిగుతుండగానే, ఏటికి రెండు వైపులా ఈత వనం కనిపించింది. అమ్మ దగ్గరికెళ్లి మట్టా ముల్లూ తడిమి, "ఒరేయ్, ఇది మన ఈతచెట్టేరా!" అంది. పూర్తిగా మనది కాదు, దాని దాయాది. ప్రాచీన గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ పేరు పెట్టుకున్న క్రీట్ ఈత. రెండూ ఒకే ప్రజాతికి చెందినవే. 2010 ఆగస్టులో ఈ వనం తగలబడిపోయింది. మామూలు చెట్టుకి బెరడు కిందే ప్రాణం, అది కాలితే పోతుంది. ఈత ప్రాణం తలలోని మొవ్వలో ఉంటుంది. మట్టలన్నీ మాడినా మొవ్వ మిగిలిన చెట్లు మళ్లీ చిగిర్చాయి. వేళ్లకి ఏటి నీరు అందుతూనే ఉంది. నల్లబడిన మొదళ్ల మీద ఊగుతున్న ఆ పచ్చదనాన్ని చాలాసేపు చూస్తూ కూర్చున్నాం.

వనం దాటితే ఇసుక, ఆపైన లిబియా సముద్రం. ఏరు ఇసుకని చీల్చుకుని కలిసేచోట మోకాలి లోతున నిలబడ్డాం. ఒక కాలికి ఏటి చల్లదనం, ఇంకో కాలికి కడలి వెచ్చదనం.

"పొద్దున్న మనం చూసిన నీళ్లేనా ఇవి, నానమ్మా?"

"అవి దారిలో భోంచెయ్యలేదు కదమ్మా, మనకంటే ముందే వెళ్లిపోయుంటాయి."

పొద్దు వాలేదాకా వాళ్లిద్దరూ నీళ్లలోనే ఉన్నారు. మెట్లెక్కుతూ అమ్మ నా చెయ్యి పట్టుకుని అంది: "ఊరెళ్లాక దీన్ని అంతర్వేది తీసుకెళ్లాలిరా. గోదారి ఎక్కడ కలుస్తుందో కూడా చూపించాలి."