లంగరు వేయని చేతులు

"నీటడుక్కెల్లి సేపల్ని సూసొస్తారు. పడవ దేనికి కట్టేరో మాత్రం ఒక్కడూ అడగడు."

హేవ్‌లాక్ జెట్టీ పక్కన ఆగి ఉన్న డుంగీ పడవ మీంచి వినపడిందీ మాట. సిలిండర్ మూతిని గుడ్డతో తుడుస్తున్న పెద్దాయన పక్కనున్న కుర్రాడితో అంటున్నాడు. చుట్టూ అందరూ బెంగాలీ, హిందీ మాట్లాడుతున్న చోట శ్రీకాకుళం తీరపు తెలుగు చెవిన పడేసరికి నేను అక్కడే ఆగిపోయాను.

అండమాన్‌లో తెలుగు వినపడటం వింతేమీ కాదు. 2011 జనాభా లెక్కల్లో ఆ ద్వీపాల్లో నూటికి సుమారు 13 మంది తమ మాతృభాష తెలుగు అని చెప్పారు. ఉత్తరాంధ్ర తీరం నుంచి వేటకు వెళ్లి అక్కడే ఉండిపోయిన కుటుంబాలు పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో చాలా ఉన్నాయి. ఈయన తండ్రి అలా వచ్చినవాడే. ఈయన వల వదిలిపెట్టి డైవింగ్ పడవ ఎక్కాడు. పడవలో కుర్రాళ్లంతా బాబాయ్ అంటారు. నాకూ బాబాయే అయ్యాడు.

మా సంపాదకుడు నన్ను పంపింది వేసవి పర్యాటక సంచికలో స్కూబా యాత్రల గురించి రాయమని. ఎప్పుడు వెళ్లాలి, ఎలా వెళ్లాలి, ఏం కనిపిస్తుంది అన్నవి ఆయన అడిగిన ప్రశ్నలు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం నెమ్మదిగా ఉంటుంది, నీరు తేటగా ఉంటుంది. పోర్ట్ బ్లెయిర్ దాకా విమానం, అక్కడి నుంచి ఓడ. 2018లో హేవ్‌లాక్‌కు స్వరాజ్ ద్వీప్ అనీ, 2024లో పోర్ట్ బ్లెయిర్‌కు శ్రీ విజయపురం అనీ పేర్లు మార్చారు. నేను కలిసిన పడవల వాళ్లు ఇంకా పాత పేర్లతోనే పిలుచుకుంటున్నారు. యాత్ర వివరాలు ఇంతటితో చాలు. నేను రాయాలనుకున్నది బాబాయ్ చేతుల గురించి.

వాటిని మొదట చూసింది గాలి నింపే షెడ్డులో. సిలిండర్‌లో ఉండేది ఆక్సిజన్ అని చాలామంది అనుకుంటారు. మామూలుగా అందులో ఉండేది మనం రోజూ పీల్చే గాలే. దాన్ని కంప్రెసర్‌తో 200 బార్ ఒత్తిడి దాకా కుదించి నింపుతారు. కంప్రెసర్ గాలి పీల్చుకునే గొట్టం దాని ఇంజిన్ పొగకు దూరంగా, గాలి వీచే వైపు ఉండాలి. గాలి దిక్కు మారితే గొట్టాన్నీ మార్చాలి. బాబాయ్ మధ్యమధ్యలో బయటికెళ్లి, ముఖానికి గాలి ఎటు తగులుతోందో చూసుకుని వచ్చి గొట్టం జరిపాడు. నింపుతున్నంతసేపూ ఒక అరచెయ్యి సిలిండర్ భుజం మీదే ఉంటుంది. తొందరపడి నింపితే లోహం వేడెక్కుతుంది, చల్లారాక లోపలి ఒత్తిడి పడిపోతుంది. చేతికి వేడి తెలియగానే రెండో చెయ్యి వాల్వును కాస్త బిగిస్తుంది. మీటరు ఎదురుగానే ఉన్నా, దాని వైపు ఆయన చూసేది చివర్లోనే.

నిండాక ప్రతి సిలిండర్‌నూ కొంచెం వదిలి వాసన చూస్తాడు.

"పొగ వాసన గానీ, నూనె వాసన గానీ తగిలిందంటే ఆ సిలిండరు పడవెక్కదు బాబూ. మీదుంటే మనకేటీ తెలీదు. కిందకెల్తే సంపేస్తాది."

అందులో అతిశయోక్తి లేదు. సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకూ ఒక వాతావరణమంత పీడనం పెరుగుతుంది. 30 మీటర్ల దగ్గర మనిషి పీల్చే గాలి పీడనం ఒడ్డు మీద కంటే నాలుగింతలు. గాలిలో విషవాయువు కలిసి ఉంటే, అది కూడా నాలుగింతల బలంతో ఒంట్లోకి వెళ్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు అసలు వాసనే ఉండదు కాబట్టి ముక్కును మాత్రమే నమ్ముకోకూడదు. వేళకు ఫిల్టర్ మార్చాలి, గాలిని పరికరంతో పరీక్షించాలి. ఆ షెడ్డులో రెండూ జరుగుతున్నాయి. అయినా ఇంజిన్ పొగ గొట్టం వైపు మళ్లిందని అక్కడ అందరికంటే ముందు పసిగట్టేది ఆయనే. ఇంత బాధ్యత మోస్తున్న మనిషి పడవ జీతాల పట్టీలో 'హెల్పర్'. ఆ మాట చూసి నాకు మనసు చివుక్కుమంది.

మర్నాడు పొద్దు పొడవకముందే బయల్దేరాం. డైవర్లు నలుగురు, వాళ్లకో గైడు, చుక్కాని దగ్గర మాయాబందర్ నుంచి వచ్చిన కరెన్ సరంగు, బాబాయ్, కుర్రాడు, నేను. నలుగురికి మించి డైవర్లను ఎక్కించుకోకపోవడం ఆ పడవ పద్ధతి. వెళ్తున్న చోటు పేరు డిక్సన్స్ పినకిల్. ఇది గాక జానీస్ గోర్జ్, జాక్సన్స్ బార్ అనే డైవింగ్ చోట్లు కూడా హేవ్‌లాక్ చుట్టుపక్కలే ఉన్నాయి. డిక్సన్, జానీ, జాక్సన్ ముగ్గురూ కరెన్ డైవర్లు. 1925లో అడవి పనుల కోసం బ్రిటిష్ వాళ్లు కరెన్ కుటుంబాలను బర్మా నుంచి మధ్య అండమాన్‌కు తీసుకొచ్చారు. ఆ జనం సముద్రాన్ని ఎంత బాగా ఎరుగుదురో ఇక్కడి పడవల వాళ్లనెవరిని అడిగినా చెబుతారు. నడిసముద్రంలో, పైకి ఏ గుర్తూ కనిపించని చోట, నీటి కింద ఉన్న కొండ కొసను వెతికి పట్టుకోవడం చిన్న విద్య కాదు. అందుకే వాళ్ల పేర్లు ఆ రాళ్లకు నిలిచాయి.

రోజు ఎంచుకోవడమూ ఆ విద్యలో భాగమే. అమావాస్యకూ పౌర్ణమికీ ఆటుపోట్లు పెద్దవిగా ఉంటాయి, నీటి లాగుడు ఎక్కువ. అష్టమి దరిదాపుల్లో ఆటుపోట్లు చిన్నబడి నీరు నెమ్మదిస్తుంది. దూరపు రాళ్లకు వెళ్లాలంటే బాబాయ్ ముందు తిథి చూస్తాడు. గైడు చేతి ఫోనులో ఆటుపోట్ల పట్టిక ఉంది. ఇద్దరూ ఒకరినొకరు అడిగి సరిచూసుకోవడం నాకు నచ్చింది.

డిక్సన్స్ పినకిల్ కొండ కొస నీటి మట్టానికి దాదాపు 18 మీటర్ల కింద మొదలవుతుంది. నా సర్టిఫికెట్ పరిమితి కూడా అక్కడితోనే సరి. అందుకని మొదటి డైవ్‌కు నేను పడవలోనే ఉండిపోయాను. అలా ఉండిపోవడం వల్లే తాడు కట్టడం చూశాను.

నీళ్ల మీద ఒక ప్లాస్టిక్ డబ్బా తేలుతోంది. దాని తాడు కింద జీవం లేని రాతికి చుట్టి ఉంది. సరంగు గాలికి ఎదురుగా పడవను నెమ్మదిగా తెచ్చి ఇంజిన్‌ను న్యూట్రల్‌లో పెట్టాడు. బాబాయ్ కొక్కెం కట్టిన వెదురుగడతో డబ్బాను అందుకుని తాడు పైకి లాగాడు. వెంటనే కట్టలేదు. బొటనవేలితో తాడును పేటపేటా నొక్కి చూసుకుంటూ పోయాడు, ఒరుసుకుపోయిన చోట ఆగి వేరే తాడు ముక్కతో అతికాడు. తర్వాతే పడవ ముక్కు దగ్గర గుంజకు ముడి వేశాడు. బరువు పడ్డకొద్దీ బిగిసేది, కావాలనుకున్న క్షణంలో ఒక్క లాగుకు ఊడేది ఆ ముడి.

"పెద్ద పడవలొస్తే ఫ్యాన్ తగిలి తెగిపోతాది. మల్లీ మేవే కట్టుకోవాల. ఆ తాడు డబ్బులు ఎవులిస్తారు బాబూ? మాయే."

డైవర్లు దిగాక ఆయన ముక్కు దగ్గర కూర్చున్నాడు. నేనేదో అడగబోతే చెయ్యి ఎత్తి ఆపాడు. నీళ్ల మీదికి వస్తున్న బుడగలను చూస్తున్నాడు. ఎన్ని చోట్ల వస్తున్నాయి, ఎటు జరుగుతున్నాయి, ఎంత తొందరగా వస్తున్నాయి అన్నదే ఆయన లెక్క. కాసేపటికి, "ఒకడు కంగారు పడతన్నాడు, గాలి తొందరగా అవగొట్టేస్తాడు," అన్నాడు. తర్వాత బుడగలన్నీ తాడు దగ్గర ఒకచోటికి చేరాయి. 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగుతున్నారన్నమాట. లోతులో ఒత్తిడికి ఒంట్లో కరిగిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవడానికి ఆ ఆగడం. బాబాయ్ లేచి నిచ్చెన దించాడు. పైకి వచ్చినవాళ్లలో ఒకాయన సిలిండర్‌లో 50 బార్ కంటే తక్కువ మిగిలింది. మిగతావాళ్లకు ఇంకా చాలానే ఉంది.

రెండో డైవ్ లోతు తక్కువ చోట, నేనూ దిగాను. నీలి చిలకచేపలు పగడాన్ని కొరుకుతుంటే పటపటమని చప్పుడు వినపడుతుంది. ఒక తాబేలు మమ్మల్ని పట్టించుకోకుండా పక్క నుంచి పోయింది. వీటి గురించి పేజీలకు పేజీలు రాయవచ్చు. కానీ ఒకచోట కొమ్మల పగడాల గుంపు మధ్య మనిషి వెడల్పున బాట పడి ఉంది. రెండు వైపులా కొమ్మలు విరిగి, ముక్కలు ఇసుకలో పొర్లుతున్నాయి. బాట చివర ఒక బండ బోర్లాపడి ఉంది. లంగరు పడి, పడవ గాలికి తిరిగినప్పుడు ఈడ్చుకుపోయిన జాడ అది. పైకి వచ్చాక అటువైపు చూస్తే, కొంచెం దూరంలో జనంతో నిండిన ఒక పెద్ద పడవ. ముందు నుంచి ఇనుప గొలుసు నీళ్లలోకి దిగి ఉంది. ఈత రాని వాళ్లను ఒకరి తర్వాత ఒకరిని చెయ్యి పట్టుకుని దించి, వీడియో తీసి, పైకి తెస్తున్నారు. వాళ్లలో మన తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. తొలిసారి సముద్రం కింది లోకం చూసి పైకొచ్చిన పిల్లల సంతోషం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నా కోపమంతా ఆ గొలుసు మీద.

పగడపు గుట్టలు ఇప్పటికే దెబ్బతిని ఉన్నాయి. 2010 వేసవిలో అండమాన్ సముద్రం వేడెక్కి పగడాలు పెద్దయెత్తున తెల్లబడ్డాయి. "పాటుకి నీరు తీసినప్పుడు సూస్తే రాయంతా సున్నం కొట్టినట్టుండేది," అన్నాడు బాబాయ్. పగడపు జీవి ఒంట్లో కంటికి కనిపించనంత చిన్న నాచు ఉంటుంది. పగడం రంగూ, దాని తిండిలో ఎక్కువ భాగమూ ఆ నాచు ఇచ్చేవే. మామూలు ఎండాకాలపు వేడి కంటే నీరు ఒక్క డిగ్రీ పెరిగి వారాల తరబడి అలాగే ఉంటే, పగడం ఆ నాచును బయటికి నెట్టేస్తుంది. వేడి త్వరగా తగ్గితే కోలుకుంటుంది, లేకపోతే ఆకలితో చచ్చిపోతుంది. 2016లో మళ్లీ అదే జరిగింది. ఈ ముప్పును ఉపగ్రహాల కొలతలతో ముందే లెక్కగట్టి హెచ్చరికలు ఇచ్చేది హైదరాబాద్ ప్రగతినగర్‌లోని సముద్ర సమాచార సేవల కేంద్రం, ఇన్‌కాయిస్. అంటే అండమాన్ పగడాలకు జ్వరం వస్తోందని ముందుగా తెలిసేది మన ఊళ్లోనే.

సముద్రపు వేడిని హేవ్‌లాక్‌లో ఎవరూ ఆపలేరు. లంగరును మాత్రం ఆపవచ్చు, ఆపితే ఫలితం కూడా ఉంటుంది. చనిపోయిన గుట్ట మీద కొత్త పగడం మొలవాలంటే, దాని పిల్ల నీళ్లలో తేలుతూ వచ్చి కదలని గట్టి రాయి మీద అంటుకోవాలి. లంగరు విరగ్గొట్టిన ముక్కలు అలలకు అటూ ఇటూ దొర్లుతుంటాయి, వాటి మీద వాలిన పిల్ల నలిగిపోతుంది. వేడికి చచ్చిన గుట్ట గట్టిగా నిలిచి ఉంటే మళ్లీ బతికే ఆశ ఉంది. గొలుసు పిండి చేసిన గుట్టకు ఆ ఆశ చాలా తక్కువ. మన వన్యప్రాణి చట్టం కింద పగడం రక్షిత జీవి, ఒక ముక్క సంచిలో వేసుకుని వెళ్లినా నేరమే. ఆ రోజు ఆ గొలుసు గురించి అడగడానికి మాత్రం ఎవరూ రాలేదు.

దీనికి మందు ఎప్పుడో కనిపెట్టారు. 1981లో అమెరికాలోని కీ లార్గోలో జాన్ హాలస్ అనే సముద్ర జీవశాస్త్రవేత్త రాతిలో రంధ్రం తొలిచి, తుప్పు పట్టని ఉక్కు కడ్డీని సిమెంటుతో బిగించి, దానికి తాడు, తేలే బోయ కట్టాడు. పడవలు వచ్చి బోయకే కట్టుకుంటాయి, కింద గుట్టకు గీత పడదు. కరీబియన్ సముద్రంలోని బొనైర్ ద్వీపం పగడాల మీద లంగరు వేయడాన్నే నిషేధించింది, డైవింగ్ పడవలన్నీ బోయలకే కట్టాలి. ఆ ద్వీపానికి డైవర్లు తగ్గలేదు సరికదా, దాని పేరు చెప్పుకుని మరీ వస్తారు.

చిన్న జట్టు పడవలకు నేను మొగ్గు చూపేదీ గుట్టకు గీత పడకూడదనే. నలుగురే ఉంటే గైడు నలుగురి కాళ్లనూ గమనిస్తాడు, ఎవరి కాలి రెక్క పగడానికి తగలబోతున్నా ఆపగలడు. తేలిక పడవ కాబట్టి తాడు దానికి సరిపోతుంది, గొలుసు అక్కర్లేదు. దీనికి మనిషికి కొంత ఎక్కువే తీసుకుంటారు. నా లెక్కలో అది న్యాయమైన ధర. చవకగా దొరికేచోట ఆ తేడా పగడం కడుతోంది.

మేం వెళ్లిన చోట్ల నాకు కనిపించినవి ప్లాస్టిక్ డబ్బాలూ, బాబాయ్ లాంటివాళ్లు సొంత డబ్బుతో అతికిన తాళ్లూ మాత్రమే. అవి తెగిన రోజు లంగరు పడుతుంది. ఆయన పక్కనున్న కుర్రాడు ముడి నేర్చుకుంటున్నాడు గానీ, వచ్చే ఏడాది హోటల్లో పని చూసుకుంటానన్నాడు. జీతం అక్కడే ఎక్కువట. నేను తప్పు పట్టలేకపోయాను.

అండమాన్ పాలనా యంత్రాంగానికీ, అక్కడి డైవింగ్ కేంద్రాల యజమానులకూ నా విన్నపం ఇది. డైవర్లు రోజూ దిగే ప్రతి గుట్ట దగ్గరా రాతిలో బిగించిన శాశ్వత బోయలు వేయించండి. పగడాల మీద లంగరును నిషేధించండి. ఏటా సీజన్ మొదలయ్యే ముందు ఆ బోయలనూ తాళ్లనూ పరీక్షించే పనిని జీతమిచ్చి జంగ్లీఘాట్, మాయాబందర్ పడవల వాళ్లకే అప్పగించండి. ఆ పని వాళ్లకు ఇప్పటికే వచ్చు.