పాత గొలుసు రంపము

బోరబండ రైలునిలయములో పడమరగా పోవు బండి ఎక్కినవారికి తరువాతి నిలయమే హైటెక్ సిటీ. ఆ వైపున అద్దాల మేడలు. ఐదేండ్లు వాడిన కంప్యూటరు అచ్చట ముసలిదాని క్రింద లెక్క. బోరబండకు రెండవ వైపున సనత్‌నగరు కార్ఖానాలును, ఎర్రగడ్డ ఆదివారపు సంతయును ఉన్నవి. ఆ సంతలో నేలపై పరచిన పట్టాలమీద పానాలు, సుత్తులు, మోటార్లు, పేరు తెలియని యంత్రభాగములు కుప్పలుగా పడియుండును. అమ్మువానికి అది ఇనుము. కొనువారిలో నూటికొక్కనికి అది యంత్రము. ఆ ఒక్కడు సమయమునకు రానిచో సరకు తూకమునకు పోయి, కొలిమిలో కరగును.

అట్టి కుప్పలో ఎప్పుడైనను ఒక పాత గొలుసు రంపము కనబడినచో దానిని గుర్తించువారు అరుదు. పనివారు దీనిని కోత మిషను అందురు. పెట్రోలు ఇంజను ఒకటి, దానికి ముందు పొడవైన పలక, పలక అంచుచుట్టు పరుగెత్తు పండ్ల గొలుసు. ఇంతే దాని రూపము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినప్పుడు వీధులకు అడ్డముగా పడిన చెట్లను తొలగించుటకు ఈ రంపములే అక్కరకు వచ్చినవి. అడవులను నరకినదియు ఇదియే. రెండు పనులును దాని ఖాతాలోనివే.

1926లో జర్మనీదేశపు స్టుట్‌గార్టు నగరమున ఆండ్రియాస్ స్టీల్ అను ఇంజనీరు విద్యుత్తుతో నడచు గొలుసు రంపమును చేసెను. కాని అడవిలో విద్యుత్తు ఎక్కడిది? మరుసటి ఏడు ఎమిల్ లెర్ప్ అనునతడు పెట్రోలుతో నడచు రంపమును డోల్మార్ కొండపై పరీక్షించెను. దాని బరువు 58 కిలోలు. స్టీల్ 1929లో చేసిన పెట్రోలు రంపము 46 కిలోలు తూగెను. బలము 6 అశ్వశక్తులు. చెరియొక కొనను ఇద్దరు పట్టవలసినదే. ఆ సంస్థయే 1959లో 'కాంట్రా' అను రంపమును తెచ్చినప్పుడు అశ్వశక్తి ఆరే, బరువు మాత్రము 12 కిలోలు. ముప్పది ఏండ్ల బుద్ధిబలమంతయు ఆ 34 కిలోలను తగ్గించుటకే వెచ్చించిరనినను తప్పులేదు.

గొలుసు కథ ఇంకను వింతైనది. పూర్వపు గొలుసు పండ్లు చేతిరంపపు పండ్లను పోలి కొయ్యను గీరెడివి. మాటిమాటికి ఆకురాయి పట్టవలసి వచ్చెడిది. 1946లో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రమున జో కాక్స్ అను చెట్లుకొట్టు పనివాడు ఒక మొద్దును తొలుచుచున్న పురుగును చూచెను. దాని వంపు దవడలు ఎడమకును కుడికిని కోయుచు, కొయ్యపోగు నిలువైనను అడ్డమైనను తడబడక సాగుచుండెను. ఆ దవడలవలె వంగిన పండ్లను ఉక్కుతో చేసి, 1947లో పోర్టులాండులోని తన ఇంటి నేలమాళిగలో అతడు గొలుసులు తయారుచేయ మొదలిడెను. నేడు బోరబండ వీధిలో తీగలకు తగులు కొమ్మలను కొట్టు యంత్రమునందును ఆ పురుగు దవడ వంపు ఉన్నది.

పాత రంపము చేతికి వచ్చినప్పుడు తెలిసిన పనివాడు వెంటనే తాడు లాగి చూడడు. లాగినచో లోపలి తుప్పు సైలెండరు గోడను గీయును. ముందు ప్లగ్గు విప్పి, ఆ రంధ్రమున పలుచని నూనె పోసి, రెండు మూడు దినములు దాని మానాన దానిని ఉండనిచ్చును. పిస్టను కదలిన తరువాతనే విప్పుట. ఇవి టూ స్ట్రోకు ఇంజనులు. పెట్రోలులోనే నూనె కలుపవలెను. కలుప మరచినవాని రంపపు పిస్టనుపై నిలువు గీతలు పడియుండును. వెనుకటి యజమాని తొందరవాడో నిదానియో ఆ గీతలే చెప్పును. కార్బురేటరులోని రబ్బరు పొర ఎండి అట్టవలె బిగిసియుండును. ఆ పొర చేసిన మేలు చిన్నది కాదు. అంతకు పూర్వము పెట్రోలు మట్టమును ఒక తేలు బిళ్ళ కాపాడెడిది. పక్కకు వంచినచో ఇంజను ఆగెడిది. అందుచే ఇంజనును నిలువుగా ఉంచి, పలక మాత్రము తిరుగునట్లు అమర్చెడివారు. పొర వచ్చిన పిదపనే రంపము ఏ వైపునకైనను వంగ నేర్చినది. దొరకని మరలను లేతుమీద చేయించుకొనవలసినదే. ఒక్కొక్క మరకు నెలలు పట్టును.

ఇక రంగు మాట. జర్మనీ, స్వీడను, అమెరికా దేశములలో ఈ రంపములను సేకరించువారు పలువురున్నారు. కొందరు మెరుగుపెట్టి కొత్త రంగు వేయుదురు. కొందరు పాత రంగును గీతలతోసహా నిలుపుదురు. ఇంజను లోపల కొత్త భాగములు వేయక తప్పదు. కాని చేతిపట్టున అరిగిన చోటును రంగుతో కప్పుట ఆ యంత్రముతో బ్రదికినవానిని తుడిచివేయుటయే.

అంతకంటె పెద్ద ప్రశ్న, బాగుపడిన రంపమును నడుపవచ్చునా? 1970 దశకమునకు పూర్వపు వానిలో గొలుసును క్షణములో ఆపు బ్రేకు లేదు. పలక కొనభాగము కొయ్యకు తగిలినచో రంపము ఎగిరి పట్టినవాని మొగముమీదికే వచ్చును. అందుచే వివేకులు గొలుసు తీసి, ఇంజనును మాత్రము కొద్దిసేపు నడిపించి, శబ్దము విని ఆపుదురు. తరువాత ట్యాంకులోని పెట్రోలును చుక్క మిగులకుండ వంపివేయుదురు. నేటి పెట్రోలులో కలుపు ఎథనాలు తేమను పీల్చును, పాత రబ్బరును చెరచును. గొలుసు నూనె పట్టించుకొని, వేరుగా గోడ మేకుకు వ్రేలాడుచుండును.