మానరాని మాత్ర

మా మేనత్తగారు మాత్రలు మానివేసిన సంగతి మూడు మాసముల దనుక మాకు తెలియలేదు. ఆకలి కుదిరినది, గడ్డ చేతికి తగులుట లేదు, ఇక మందేల యని తలచి, చిత్తూరునుండి తిరుమలకు పోయి తలనీలాలిచ్చి మ్రొక్కు తీర్చుకొని వచ్చిరి. మ్రొక్కు తప్పు గాదు. మ్రొక్కుతో మందును ముగిసినదనుకొనుటయే తప్పు. అందును పెద్దపాలు మాదే. పేరు విన్నచో బెంగపడుదురని వారితో “కడుపులో పుండు” అని బొంకితిమి. పుండు మానిన పిదప మందెవరు మ్రింగుదురు?

అది జీర్ణకోశపు గోడలో పుట్టు నొకజాతి రాచపుండు. వైద్యులు గిస్టు అందురు. ఒకచోటనే యున్నచో కోసి తీయుదురు. మేనత్తగారికి కాలేయమునకు ప్రాకినది గావున మాత్రలే శరణ్యమైనవి. ఈ రోగులలో పెక్కుమందికి కిట్ అను జన్యువు చెడి, “పెరుగుము” అను నాజ్ఞను కణములకు ఎడతెగక యిచ్చుచుండునని 1998లో జపాను పండితులు కనుగొనిరి. పాత మందులకు లొంగని యీ కంతికి, ఆ యాజ్ఞను అడ్డగించు ఇమాటినిబును 2002లో అమెరికా ప్రభుత్వము అంగీకరించినది. అయినను వ్యాపించిన కంతిని ఈ మాత్ర సాధారణముగా నిర్మూలింపదు, నిద్రపుచ్చును. ఫ్రాన్సులో ఒక యేడు మందు తిని కుదుటబడినవారిలో కొందరిచేత దానిని మాన్పించి చూడగా, చాలమందికి కంతి మరల పెరిగెను. తిరిగి మందీయగా పెక్కుమందికి లొంగెను. 2007లోనే ప్రకటితమైన యీ సంగతి మా యింట నొక్కరికిని తెలియదు!

వెల మాట యొకటి. విదేశపు మాత్రలకు నెలకు లక్షరూపాయలకు పైగా నగుచుండగా, స్వదేశపు మాత్రలు పదివేలకు లోపుననే దొరకెడివి. నోవార్టిసువారి పేటెంటు కోరికను 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు త్రోసిపుచ్చినది. ఆ వ్యాజ్యములో వారికి ఎదురు నిలిచినవారిలో మన హైదరాబాదు నాట్కో కంపెనీయు నొకటి.

కొన్నియేండ్లకు కంతి క్రొత్త మార్పులు పొంది ఇమాటినిబును ధిక్కరించుట కలదు. అప్పుడు సునిటినిబు, తరువాత రెగోరాఫెనిబు, ఆపైన 2020లో అమెరికాలో అంగీకరింపబడిన రిప్రెటినిబు. పీడీజీఎఫ్ఆర్ఏ అను వేరొక జన్యువులో నొకానొక మార్పున్నవారికి ఇమాటినిబు పనిచేయనే చేయదు. అట్టివారికి అదే యేట అవాప్రిటినిబు వచ్చినది. కావున కంతి ముక్కను జన్యుపరీక్షకు పంపితిరా యని వైద్యుని అడుగుటకు గృహస్థులు సంకోచింపరాదు. రక్తపుచుక్కలోనే ఆ మార్పుల జాడ పట్టి మందు నిర్ణయించు యత్నములును సాగుచున్నవి. పూర్వము మావారు వేలూరికే పరుగెత్తెడివారు. ఇప్పుడు తిరుపతిలో స్విమ్సు కలదు, 2022లో టాటావారి సాయమున తెరువబడిన క్యాన్సరు ఆసుపత్రియు కలదు.

మేనత్తగారికి తుదకు నేనే నిజము చెప్పితిని. వారు ఏడ్వలేదు.

“ఏమిరా నాయనా, నా జబ్బు పేరు నాకు చెప్పేదానికి మీకు నోరు రాలేదా?” అనిరి.

నేను తల వంచుకొంటిని. మరునాటినుండి మాత్ర మరల మొదలైనది. కన్నుల క్రింద వాపు వచ్చినది గాని, ఆరునెలల పరీక్షలో గడ్డ పెరుగుట ఆగినది. రాత్రి భోజనమైన పిమ్మట పెద్ద చెంబెడు నీళ్లతో మాత్ర మ్రింగి, గోడనున్న కాలెండరులో ఆనాటి తేదీపై తామే సున్న చుట్టుచున్నారు.